ఇరవై తోక ముక్కలు

కామారెడ్డి
మార్చి 4, 2024

పోచవ్వ అత్తకు,

నీ పంతమే గెలిచింది. పోయిన వారం ఫోన్ చేస్తే, "ఫోన్ల నా మాటను నడిమిట్లనే కోస్తవ్. ఉత్తరంల అయితే కోయలేవ్. పనుంటే రాయి" అని పెట్టేశావు. సరే, ఇదిగో కాగితం, కలం. కండక్టర్ చేతికిస్తున్నాను. సాయంత్రం ఎల్లారెడ్డి బస్టాండుకు పొమ్మని మామకు ఫోన్ చేసి చెబుతాను.

నీ మేనకోడలు దక్షిణ ధ్రువం దగ్గరి సముద్రంలో చేపల మీద పరిశోధన చేస్తోందని నువ్వు అంగట్లో అందరికీ చెప్పుకుంటావు కదా. అసలు ఏం చేస్తానో ఈసారి విను. అక్కడ పట్టిన చేపల తోక ముక్కలు చిన్న సీసాల్లో మా దగ్గరికి వస్తాయి. ఆ ముక్కను బట్టి ఏ ఖాతం చేపకు ఏ ఖాతం చేప చుట్టమో, దేని తల్లి వరుస ఎక్కడిదో కనిపెట్టాలి. అందులో ఒక రకం చేపకు రక్తం ఎర్రగా ఉండదట, నీళ్ళలాగే ఉంటుందట. "అట" అంటున్నానని నవ్వకు. తొమ్మిదేళ్ళుగా నాలుగు వందల చేపల చుట్టరికాలు తేల్చాను. ఒక్కదాన్నీ కంటితో చూడలేదు, చేత్తో పట్టలేదు.

వచ్చే చలికాలం అక్కడికి ఓడ పోతోంది. మా వాళ్ళకు అందులో ఒక్క చోటుంది, ముగ్గురం పోటీ. ఆగస్టులో హైదరాబాదులో ఇంటర్వ్యూ. నా ప్రాజెక్టు వచ్చే మార్చితో అయిపోతుంది కాబట్టి, ఈసారి తప్పితే ఇంక నాకు ఆ సముద్రం లేదు. నా పరిశోధన చూసే దివాకర్ సారు ఒక ఉపాయం చెప్పారు: మన చెరువు చేపల మీద కూడా ఇదే పరీక్ష చేసి, ఆ సముద్రం చేపల పక్కన పెట్టి చూపిస్తే కమిటీకి బాగా అర్థమవుతుందని.

అందుకని పెద్దచెరువులో ఇరవై కొర్రమట్టల తోకల నుంచి బియ్యపు గింజంత ముక్క ఒక్కొక్కటి కోసి, సీసాకొకటి వేసి పంపు. కోశాక చేపల్ని మళ్ళీ నీళ్ళలో వదిలేయొచ్చు. నేనే వచ్చేదాన్ని, పరీక్షల డ్యూటీ పడింది. ఈ ఉత్తరంతో ఇరవై సీసాలు పంపుతున్నాను. వాటిలో స్పిరిట్ ఉంది, మామ వాసన చూడకుండా చూసుకో.

నీ కోడలు
సాయిలత

*

ఎల్లారెడ్డి
మార్చి 13

సాయిలతకు మీ అత్త రాసేది,

ఇరవై సీసలు, ఇరవై ముక్కలు. లెక్క సరిపోయిందా చూస్కో. ఇగ దాని గురించి ఎక్కువ ముచ్చట పెట్టకు, పని అయ్యింది గదా.

మీ మామ వాసన చూడలేదు గాని కండక్టర్ చూసిండు. మూత తీసి, ముక్కు కాడ పెట్టి, "ఏందవ్వా, గింత చిన్న సీసలల్ల పోస్తున్నరా ఇప్పుడు" అన్నడు. "నా కోడలు దక్షిణ ధ్రువం పోతది, దానికి మందు" అన్న. వాడేం సమజ్ చేసుకున్నడో ఏమో, టికెట్ల డబ్బ పక్కకు పెట్టి పైలంగ ఒళ్ళె పెట్టుకున్నడు.

గాని నాకొక్కటి చెప్పు. రక్తం ఎర్రగ లేకుంటె అది చేపెట్లయితది? కోసినంక చెయ్యి కడుక్కునే పనే ఉండదా? గసుంటి చేపలుంటె మాకు గంపెడు పంపు, నా చీరెలన్న బాగుపడుతయి.

నువ్వు ఓడెక్కుతవని అంగట్ల అందరికి చెప్పేసిన. ఎక్కకుంటె నా మొకం ఏడ పెట్టుకోవాలె? జర యాదుంచుకో.

మీ అత్త పోచవ్వ

*

కామారెడ్డి
మే 20

అత్తా, నా బంగారు అత్తా,

ఎగిరి గంతేస్తూ రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే తిట్టకు. హైదరాబాదు ల్యాబు నుంచి ఫలితాలు వచ్చాయి. నువ్వు పంపిన ఇరవై కొర్రమట్టలదీ ఒకటే తల్లి వరుస! ఇరవైకి ఇరవై! ఒక్కటి కూడా తేడా లేదు.

ఇది నాకెందుకంత సంతోషమో చెబుతాను. ఆ మంచు సముద్రంలో ఒడ్డు లోపలికి చొచ్చుకొచ్చిన ఒక చిన్న ఖాతం ఉంది. రెండేళ్ళ కిందట అక్కడి నుంచి పన్నెండు చేపల ముక్కలు వచ్చాయి. పన్నెండిటిదీ ఒకటే తల్లి వరుస. మిగతా సముద్రమంతా పిల్లచేపలు ప్రవాహంలో కొట్టుకుపోయి కలిసిపోతుంటే, ఈ ఖాతంలో చేపలు మాత్రం బయటి చుట్టరికం లేకుండా విడిగా బతుకుతున్నాయని నేను రాశాను. అలాంటి చోట వేట ఆపాలి, లేకపోతే ఆ వంశమే పోతుందని కూడా రాశాను. నా చదువంతటిలో నలుగురు మెచ్చుకున్నది ఆ ఒక్క మాటే. కొందరు నమ్మలేదు. "అంత ఏకంగా ఎక్కడైనా ఉంటుందా" అన్నారు.

ఎందుకుండదు? ఎల్లారెడ్డి పెద్దచెరువులో ఉంది! కట్ట వేసిన నీళ్ళలో ఒకే తల్లి సంతానం ఎట్లా నిండిపోతుందో చూపించి, తర్వాత ఆ ఖాతం చూపిస్తే కమిటీ నోరు మూతపడుతుంది. తెర మీద మన చెరువు పేరు ఇంతలావు అక్షరాలతో వేస్తాను. కింద నీ పేరూ మామ పేరూ కూడా వేస్తాను, చేపలు ఇచ్చినవారు పోచవ్వ, సిద్దిరాములు అని.

ఓడలో నా పెట్టె ఎక్కడ పెట్టుకోవాలో కూడా ఆలోచిస్తున్నానంటే చూడు.

సాయిలత

*

ఎల్లారెడ్డి
మే 27

సాయిలతకు,

ఉత్తరం ముట్టింది. మీ మామ మంచిగనే ఉన్నడు. ఎండలు మండుతున్నయి, చెరువుల నీళ్ళు కిందికి పోయినయి.

మా చెరువు పేరు పెట్టకు. నా పేరు గిట్ల అసలే పెట్టకు. వేరే ఏదన్న చెరువు చూస్కో.

మీ అత్త

*

కామారెడ్డి
జూన్ 1

అత్తా,

ఇదేం ఉత్తరం? నాలుగు ముక్కలు. నువ్వు ఎండ గురించి రాయడమేమిటి, నాకు భయమేస్తోంది. ఏమైంది? మామతో గొడవా? పేరు వద్దని మీ చేపల సంఘం వాళ్ళు ఎవరైనా అన్నారా? నా స్లయిడ్లన్నీ తయారైపోయాయి. కారణం చెప్పకపోతే నీ పేరు రంగుల్లో వేస్తాను.

సాయిలత

*

ఎల్లారెడ్డి
జూన్ 8

బిడ్డా,

కూసోని చదువు. గుస్స వస్తె నీళ్ళు తాగి మళ్ళ చదువు.

నేను పంపిన ఇరవై ముక్కలు ఒక్క చేపవే.

ఇగో, అప్పుడే కాగితం చింపకు. మొత్తం విను. మీ బాపు చిన్నప్పుడే కామారెడ్డిల బట్టల దుకాన్ల పనికి పోయిండు, వల పట్టలేదు, నీకు మా రివాజు తెల్వదు. మా వాడకట్టుల వల తీసినప్పుడల్ల ఒక మంచి కొర్రమట్టను ఏరి, తోక జర గిల్లి పక్కకు పెడ్తం. అది బాలింత చేప. ఆ దిక్కు ఎవరింట్ల పురుడైతే ఆ ఇంటికి పోతది. మనోళ్ళా, వేరేటోళ్ళా అని చూడం, పైస తీస్కోం. తోక గిల్లిన చేపను అమ్మినోళ్ళు లేరు, కొన్నోళ్ళు లేరు.

నువ్వేమో ఇరవై తోకలు కోయమన్నవ్. కోసి నీళ్ళల్ల ఇడువుమన్నవ్. ఇడిస్తే రేపు ఇంకొకళ్ళ వలల పడ్తయి. "బాలింత చేపలు చెరువుల తిరుగుతున్నయేంది, పోచవ్వ చేతికి ఇయ్య బుద్ధి కాలేదా" అంటరు. కోసినమంటె ఇచ్చుడే. ఆ పదిరోజులల్ల మా దిక్కు పురుడైంది ఒక్క ప్రమీలకే. గాంధారి దిక్కు తండా పిల్ల, ఈడ ఇటుక బట్టి పనికొచ్చి ఈడనే కన్నది. ఒక్క బాలింతకు నేను ఇరవై చేపలు ఇస్త, ఆమె తింటదా? మిగిలిన పందొమ్మిది మందిని ఏడికెల్లి తేవాలె?

అందుకే ఒక్క చేప తోక కోసిన. గింజంత గింజంత చేసి ఇరవై సీసలల్ల ఏసిన. ఒక్క చెరువే గదా, ఒక్క జాతే గదా, ఏ చేపదైతేంది అనుకున్న. ఆ చేపను ప్రమీలకిచ్చి వచ్చిన. తోక సగమే ఉన్నదేందవ్వా అని ఆ పిల్ల అడిగితె, "సగం దక్షిణ ధ్రువం పోయింది" అన్న.

ఇంత పని అయితదని నాకు తెల్వదు బిడ్డా. నీ ఉత్తరంల ఖుషి చూసి చెప్ప బుద్ధి కాలేదు. నీ అత్త మోసం చేసింది. ఇగ తిట్టు.

పోచవ్వ

*

కామారెడ్డి
జూన్ 12

అత్తా,

తిట్టాలనే కూర్చున్నాను. మొదటి రోజు నిజంగానే కోపం వచ్చింది. ఒకే చేపను ఇరవైసార్లు పరీక్ష చేయించి, దానికదే చుట్టమని తేలిందని గంతులేశాను! ఇది దివాకర్ సారుకు చెప్పడానికి రెండు రోజులు పట్టింది. చెబితే ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, కడుపు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను.

కానీ నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను. నా పన్నెండు చేపల్ని ఎవరు కోశారు? సీసా మీద రెండు పొడి అక్షరాలే ఉంటాయి. ఆ రోజు ఓడ మీద ఏం జరిగిందో నేను చూడలేదు, ఎప్పుడూ అడగలేదు. నేను చేసింది తల్లి వరుస పరీక్ష ఒక్కటే. ఒక తల్లి పిల్లలన్నిటికీ ఆ ఫలితం ఒకేలా వస్తుంది, ఒకే చేపను పన్నెండుసార్లు చూసినా ఒకేలా వస్తుంది. తల్లిదీ తండ్రిదీ కలిపి చూసే ఇంకో పరీక్ష ఉంది. అందులో అన్నదమ్ములు కూడా విడివిడిగా కనిపిస్తారు. ఖర్చని అప్పుడు చేయించలేదు.

ఆ పన్నెండిటినీ ఇప్పుడు పంపించాను. నాకు భయంగా ఉంది.

సాయిలత

*

ఎల్లారెడ్డి
జూన్ 19

బిడ్డా,

నువ్వు నవ్వినవని చదివి నాకు పానం లేచొచ్చింది. మీ మామకు ఇప్పుడు చెప్పిన. అప్పటిదాంక ఆయనకు కూడా తెల్వదు. "నీ తెలివికి దండం" అని వల భుజాన ఏసుకొని పోయిండు.

భయపడకు. గా ఓడ మీద చదువుకున్నోళ్ళు ఉంటరు, నా అసుంటోళ్ళు ఉండరు.

పోచవ్వ

*

కామారెడ్డి
జూలై 22

అత్తా,

నీలాంటివాళ్ళు ఉన్నారు.

పన్నెండూ ఒక్క చేపే. అన్నదమ్ములు కాదు, అక్కచెల్లెళ్ళు కాదు. ఒకటే చేప. ఆ ఖాతంలో విడి వంశమేదీ లేదు, నేను రాసింది తప్పు.

ఇంటర్వ్యూ ఆగస్టు పదహారున. ఈ రెండో పరీక్ష చేయించానని నాకూ, దివాకర్ సారుకూ, నీకూ తప్ప ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు కూడా. సారు "నిర్ణయం నీది, నేను ఏమీ అనను" అని లేచి వెళ్ళిపోయారు. ఆ పన్నెండు చేపలే నా బలం, అవి తీసేస్తే నా చేతిలో చూపించడానికి ఏమీ మిగలదు. మిగతా ఇద్దరి దగ్గర పెద్ద పెద్ద పనులున్నాయి. వాళ్ళలో ఒకతను ఇప్పటికే రెండుసార్లు వెళ్ళొచ్చాడు.

నిజం చెప్పనా? ఊరుకోవాలని ఉంది. ఓడెక్కాక, అక్కడికి పోయాక, నా చేతులతో పన్నెండు చేపలు పట్టి అప్పుడు దిద్దుకోవచ్చు కదా అని మనసు పీకుతోంది. తొమ్మిదేళ్ళు అత్తా. నాకు ఆ చేపను ఒక్కసారి పట్టుకోవాలని ఉంది.

సాయిలత

*

ఎల్లారెడ్డి
జూలై 29

సాయిలతా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. నాకు ఏడుపొచ్చింది, దాపెట్టుడు ఎందుకు.

నాకు చదువు లేదు, ఏడు దాంకనే. గాని ఈ ముచ్చట నాకు నీకన్న బాగ ఎర్క. మార్చిల ముక్కలు పంపినప్పటిసంది జూన్ల చెప్పేదాంక నాకు తిన్న కూడు పెయ్యికి పట్టలేదు. అంగట్ల కూసుంటె, ఎవరన్న "నీ కోడలు చదువు ఏడిదాంక వచ్చింది" అంటె నాకు గుండె దడదడ కొట్టుకునేది. చెప్పినంక ఆ దినం నాలుగు రొట్టెలు తిన్న. నువ్వు గా బుగులు పెట్టుకొని ఓడెక్కుతవా? సముద్రంల వాంతులయితయంటరు, దానికి తోడు ఇదొకటా?

పోయి చెప్పు. మొదలే చెప్పు. ఓడ పోతె పోనీ, నేను అంగట్ల చెప్పుకుంట. నా మొకం నేను ఏడనన్న పెట్టుకుంట, దాని గురించి నువ్వు పరేషాన్ కాకు.

ఇగ రెండో ముచ్చట. ఈ బస్సులనే ఇరవై సీసలు పంపుతున్న. ఈసారి ఇరవై చేపలవి, గంగమ్మ మీద ఒట్టు. సంఘంల లొల్లి అయ్యింది. "ఇరవై తోకలేంది, బాలింతలేరి" అని అందరు నా మీదికి లేచిన్రు. మీ మామ ఎన్నడు నోరు తెరవనోడు, నిలబడి, "బాలింతలు మన దగ్గర లేకుంటె మనమే బాలింతల దగ్గరికి పోదాం" అన్నడు. నెలరోజులు పోయినం. ఎల్లారెడ్డి దవాఖానల ఏడుగురు, లింగంపేట దిక్కు నలుగురు, గాంధారి దిక్కు తండాలల్ల ఆరుగురు, మా వాడకట్టుల ముగ్గురు. ఒకామెకు కవలలు. ఆ ఇంటికి ఒక్క చేపనా, రెండా అని మళ్ళ లొల్లి. రెండు ఇచ్చినం గాని తోక ఒక్కదానిదే కోసినం, నీ లెక్క తప్పొద్దని. ప్రతి సీస మీద బాలింత పేరు రాసిన.

దవాఖానల నర్సమ్మ అడిగింది, ఏం సంఘమవ్వా మీది అని. "చేపలది" అన్న. "చేపలు పట్టే సంఘాలు చూసిన గాని పంచే సంఘం చూడలేదు" అన్నది. మీ మామ మూడు దినాలసంది అదే చెప్పుకుంట తిరుగుతున్నడు.

తల దువ్వుకొని పో.

మీ అత్త పోచవ్వ

*

కామారెడ్డి
ఆగస్టు 18

అత్తా,

తల దువ్వుకునే పోయాను.

లోపల ఐదుగురు కూర్చున్నారు. నమస్కారం పెట్టి, ఎవరూ ఏమీ అడగకముందే, "నా పన్నెండు చేపలు ఒక్క చేప. నేను రాసింది తప్పు. ఈరోజే వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాను. నడుమ కూర్చున్న పెద్దావిడ, "ఎట్లా కనిపెట్టావమ్మా" అని అడిగింది. ఏం చెప్పాలి? నీ సంగతి చెప్పాను. తోక గిల్లడం, ప్రమీల, సగం దక్షిణ ధ్రువం పోయిందనడం, అన్నీ. ముందు ఆవిడ పెదాలు బిగబట్టింది. తర్వాత చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఐదుగురూ నవ్వారు అత్తా, ఒకాయనకు పొలమారింది.

అప్పుడు వెనక ఫైళ్ళు పట్టుకుని నిలబడ్డ మనిషి ముందుకొచ్చాడు. పేరు స్వామిదాసు. పదేళ్ళుగా ఆ ఓడ మీద ముక్కలు కోసి సీసాల్లో వేసే పని ఆయనదే. మొహం ఎర్రబడిపోయింది. "మేడమ్, అది నేనే. ఆ రోజు గాలివానలో ఒక్కటే పడింది. ఫారంలో పన్నెండు గళ్ళున్నాయి. ఖాళీగా పంపితే పని చేయలేదంటారని..." అన్నాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆ మనిషిని చూస్తుంటే నువ్వే గుర్తొచ్చావు.

ఇంకో సంగతి. నీ ఇరవై నిజం చేపల ఫలితాన్ని ల్యాబు వాళ్ళు నేను బతిమాలితే ఇంటర్వ్యూ ముందురోజే పంపారు. పెద్దచెరువులో ఐదు తల్లి వరుసలున్నాయి. ఐదు! తెర మీద ఇరవై సీసాల మీది పేర్లు చదివాను, బాలింతల పేర్లు. ఆ పెద్దావిడ ఒక్కొక్కటీ రాసుకుంది.

ఫలితం ఎప్పుడో చెప్పలేదు. రెండుసార్లు వెళ్ళొచ్చినతను బయట ఎదురై, "ఎందుకమ్మా, నీ కాళ్ళు నువ్వే నరుక్కున్నావు" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు, నిజంగానే బాధపడ్డాడు. నేను బస్టాండులో రెండు ప్లేట్ల మిర్చి బజ్జీలు తిని వచ్చాను. ఓడ సంగతేమో కానీ, నాకు ఆకలి వేసింది.

సాయిలత

*

ఎల్లారెడ్డి
సెప్టెంబర్ 9

బిడ్డా,

ఇరవై దినాలయ్యింది. ఏమన్నరు? పోస్టుల వస్తదా, ఫోన్ల వస్తదా? ఫోన్ల వస్తె నాకు ఫోన్ చెయ్యి, ఉత్తరం రాసుకుంట కూసోకు. ఇదొక్కసారికి నీ మాట కోయ.

పోచవ్వ

*

కామారెడ్డి
సెప్టెంబర్ 24

అత్తా,

నిన్న ఫోన్ చేసి చెప్పాను, నువ్వు అరిచిన అరుపుకు ఇప్పటికీ చెవి గింగురుమంటోంది. నా మాట కోయనన్నావు, నన్ను అసలు మాట్లాడనిస్తే కదా! మామకు ఫోనిస్తే ఆయన "ఆఁ" అని, మళ్ళీ నీకే ఇచ్చేశాడు. ఏడ్చాడా?

నువ్వు వినని సగం ఇక్కడ రాస్తున్నాను. ఆ పెద్దావిడ పంపిన కాగితంలో రెండే వాక్యాలున్నాయి. ఓడ మీద ప్రతి ముక్కా ఏ చేపదో దగ్గరుండి చూసే మనిషి కావాలట. తన తప్పు తానే పట్టుకున్న మనిషి ఈ పనికి సరిపోతుందట. స్వామిదాసు కూడా అదే ఓడలో వస్తున్నాడు. ఫారం మార్చమని ఆవిడే చెప్పిందట.

డిసెంబర్ మొదటి వారంలో ప్రయాణం. ఉన్ని సాక్సులు ఆరు జతలు కొన్నాను. చేపలు పట్టడం నేర్పడానికి మామను ఒక వారం నాకివ్వు. వల తీయడం కూడా రానిదాన్ని ఓడెక్కించారని అక్కడ నవ్వకూడదు.

నీ కోడలు
సాయిలత

*

దక్షిణ సముద్రం, ఓడ మీద
జనవరి 9, 2025

అత్తా,

ఇది కంప్యూటర్లో రాస్తున్నాను. దివాకర్ సారు ప్రింటు తీసి కండక్టర్ చేతికిస్తారు. అందులో నా చేతిరాత లేదని అలగకు.

వాంతులు నాలుగు రోజులు. ఐదో రోజు లేచి అన్నం తిన్నాను. ఇక్కడ పొద్దు గుంకదు, మంచు కొండలు ఇంటి పక్కన నిలబడ్డట్టు ఉంటాయి. అవన్నీ వచ్చాక చెబుతాను. ముందు చేప గురించి.

ఈ పొద్దున వల పైకి తీశారు. నేను అంచున నిలబడ్డాను. మూరెడు పొడవు, పొలుసు లేదు, మూతి బారుగా ఉంది. స్వామిదాసు పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. రెండు చేతులతో పట్టుకున్నాను. మొప్ప ఎత్తి చూస్తే తెల్లగా ఉంది అత్తా. నువ్వయితే పాసిన చేప అని గట్టు మీదికి విసిరేసేదానివి. అది మాత్రం నా చేతుల్లో దబదబ కొట్టుకుంటోంది, తోకతో నా మొహాన నీళ్ళు చిమ్మింది. ముక్క కోసిన చోట ఒక బొట్టు వచ్చింది. తేటగా, నీళ్ళలాగా. తొమ్మిదేళ్ళుగా "అట" అని చెప్పింది నిజం.

నేను ఏడ్చాను. అందరూ చూస్తుండగానే ఏడ్చాను. చలిగాలికి కన్నీళ్ళు చెంప మీద సూదుల్లా గుచ్చుకుంటుంటే, స్వామిదాసు, "మేడమ్, తుడుచుకోండి, ఇక్కడ ఏడవకూడదు" అన్నాడు. ఏడుస్తూనే నవ్వాను. చేపను మెల్లగా నీళ్ళలోకి జార్చాను. ఒక్క క్షణం అక్కడే నిలబడి, లోపలికి పోయింది.

తర్వాత సీసా మీద చీటీ రాయాలి. చోటు, తేదీ, లోతు రాశాను. ఆఖరి గడి, సేకరించినవారు. ఇన్నేళ్ళూ ఆ గడిలో ఎవరివో పొడి అక్షరాలు చదివిందాన్ని. రాయాలంటే చేతి తొడుగు తీయాలి. తీస్తే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. "రెండు అక్షరాలు చాలు మేడమ్, అందరూ అంతే రాస్తారు" అన్నాడు స్వామిదాసు.

నేను తొడుగు తీసి పూర్తి పేరు రాశాను.

సాయిలత